ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే వ్యాన్‌లో పెట్రోల్ వాసన: పాత టీ25 బ్రీదర్ పైపుల గురించి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. రెడింగ్‌లో ఉంటున్నారు. 1986 ఫోక్స్‌వ్యాగన్ టీ25 క్యాంపర్‌వ్యాన్ కొన్నారు, 1.9 కార్బురేటర్ ఇంజిన్. ఫుల్ ట్యాంక్ కొట్టించిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు ముందు సీట్ల దగ్గర పెట్రోల్ వాసన వస్తోంది. సగానికి దిగాక తగ్గిపోతోంది. బండి ఆపిన చోట కుడివైపు ముందు చక్రం వెనకాల నేల మీద చిన్న తడి మరక కూడా కనిపించింది. గ్యారేజీ వాళ్ళు "పాత బండి కదా, వాసన మామూలే" అన్నారు. తెలిసినవాళ్ళొకరు బ్రీదర్ పైపు (ట్యాంకులోకి గాలి వచ్చిపోయే పైపు) చివర ఒక బోల్ట్ దూర్చి క్లిప్ బిగించేయమన్నారు. స్కూల్ సెలవుల్లో నాలుగేళ్ళ పాపతో వేల్స్ వెళ్ళి బండిలోనే పడుకోవాలని అనుకుంటున్నారు. వెళ్ళొచ్చా, రిపేర్ ఇంట్లో చేసుకోవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. ఆ బోల్ట్ పెట్టకండి. రిపేర్ అయ్యేదాకా బండిలో పడుకోకండి, లోపల స్టవ్ వెలిగించకండి, గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ముట్టించకండి. రిపేర్ మాత్రం ఇంటి దగ్గర చేసుకోగలిగిందే. ఓపిక, స్టాండ్లు, ఆరుబయట గట్టి నేల ఉంటే ఒక వారాంతం పని. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ట్యాంక్ పైన పైపులు దూరే రంధ్రాల్లో ఉండే రబ్బరు కంకణాలు, అంటే గ్రోమెట్లు, బ్రీదర్ పైపులు, పెట్రోల్ పోసే గొట్టం ట్యాంకులోకి దిగే చోట ఉన్న సీల్, ఈ మూడింటిలో ఒకటో రెండో పోయాయి. 40 ఏళ్ళ నాటి రబ్బరు కాబట్టి నా అంచనా మూడూ పోయి ఉంటాయని.

నేను బర్మింగ్‌హామ్ దగ్గర ఈ పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ల పనే చేస్తాను. టీ25 ఎవరు తెచ్చినా ముందు ముక్కుతో చూస్తాను, తర్వాతే టార్చ్ తీస్తాను. "పాత బండి, వాసన మామూలే" అన్న మాట నాకు అస్సలు నచ్చదు. ఈ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు వాసన రాలేదు. ఇప్పుడు వస్తోందంటే ఎక్కడో ఏదో పాడైంది, అంతే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వినండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి తేలిపోదు, నేల మీద పరుచుకుని పల్లంలోకి జారుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పు అంటుకునేంత ఆవిరి పెట్రోల్ నుంచి వస్తుంది కాబట్టి "ఇది చల్లటి దేశం కదా" అనుకోవడానికి లేదు. గాలిలో ఒకటిన్నర శాతం దాకా ఆవిరి కలిస్తే చాలు, నిప్పురవ్వతో అంటుకుంటుంది. ఇప్పుడు మీ బండి చూడండి. ట్యాంక్ ముందు సీట్ల కింద, నేల అవతల వేలాడుతోంది. బ్యాటరీ ముందు సీటు కింద పెట్టెలో ఉంది. చాలా క్యాంపర్లలో రెండో బ్యాటరీ అవతలి సీటు కింద ఉంటుంది, రెండింటినీ కలిపే రిలే కూడా అక్కడే టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఆ పెట్టెల అడుగున తుప్పు రంధ్రాలుంటే కింద ట్యాంక్ దగ్గరి ఆవిరి నేరుగా అక్కడికే వస్తుంది. ఇక ఫ్రిజ్: గ్యాస్ మీద నడిచినంతసేపూ దాని వెనకాల చిన్న మంట వెలుగుతూనే ఉంటుంది. అందుకే పెట్రోల్ బంకులోకి వెళ్ళే ముందే ఆ ఫ్రిజ్ ఆర్పేయాలి, బండికి వాసన ఉన్నా లేకపోయినా.

పాప సంగతి విడిగా చెప్పాలి. ఆవిరి కింద పరుచుకుంటుంది, పిల్లలు కింద ఆడతారు, కింది పరుపు మీద పడుకుంటారు. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. తలనొప్పి, వికారం వస్తే ప్రయాణం వల్ల అనుకుని వదిలేస్తాం. పైగా కాసేపు అందులోనే కూర్చుంటే మన ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది, పోయిందనుకుంటాం. బయటి నుంచి అప్పుడే వచ్చిన మనిషిని తలుపు తీసి వాసన చూడమనండి, వాళ్ళు చెప్పిందే లెక్క. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది కదా అని ధైర్యపడకండి. అది వేరే వాయువు కోసం చేసింది, పెట్రోల్ ఆవిరిని పట్టుకునే పని దానిది కాదు.

ఇప్పుడు అసలు విషయం. బ్రీదర్ ఎందుకు పెట్టారో తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

పెట్రోల్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. 10 డిగ్రీలు పెరిగితే దాదాపు 1 శాతం. బంకులో పెట్రోల్ భూమి లోపల ట్యాంకులో చల్లగా ఉంటుంది. మీ ట్యాంక్ 60 లీటర్లు. అంచుదాకా నింపి ఎండలో పెట్టారనుకోండి, 20 డిగ్రీలు వేడెక్కేసరికి లీటరు పైనే పెట్రోల్ ఎక్కడికో పోవాలి. అలాగే ఇంజిన్ పెట్రోల్ లాగుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. ఈ రెండు పనుల కోసం ట్యాంక్ పైనుంచి పైపులు బయలుదేరి, ముందు చక్రాల తొర్రల్లో పైకి అమర్చిన రెండు చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి వెళ్తాయి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. వాటిని ఎక్స్‌పాన్షన్ ట్యాంకులంటారు. పొంగిన పెట్రోల్ వాటిలోకి ఎక్కి, చల్లారాక మళ్ళీ కిందికి దిగుతుంది. చివర్లో ఒక గ్రావిటీ వాల్వ్ ఉంటుంది. మామూలుగా గాలిని పోనిస్తుంది, బండి బోల్తా పడితే మూసుకుని పెట్రోల్ బయటికి కారకుండా ఆపుతుంది. ఆ తర్వాత పైపు చివర బయటి గాలికి తెరిచి ఉంటుంది.

అంటే ఈ పైపులన్నీ ట్యాంక్ పైభాగం నుంచే మొదలవుతాయి. ట్యాంక్ సగం ఉన్నప్పుడు ఆ గ్రోమెట్లకు పెట్రోల్ తగలదు. నిండా ఉన్నప్పుడు, అందులోనూ మలుపుల్లో, పెట్రోల్ నేరుగా వాటి మీదకే వస్తుంది. పగిలిన గ్రోమెట్ గుండా ఊరి ట్యాంక్ పైన చేరుతుంది, అక్కడినుంచి ఆవిరై క్యాబిన్‌లోకి వస్తుంది. ఫుల్ ట్యాంక్‌తో వాసన, సగానికి దిగితే తగ్గడం అన్న మీ లక్షణానికి కారణం ఇదే. అయితే సగం ట్యాంకుతో నడుపుకుంటే చాలని అనుకోవద్దు. పెట్రోల్ ఊరడం ఆగుతుంది కానీ అదే పగులు గుండా ఆవిరి వస్తూనే ఉంటుంది. వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళేదాకా సగానికి మించి కొట్టించకండి, కిటికీలు దించి నడపండి. అంతవరకే.

కుడివైపు తడి మరక ఇంకో సంగతి చెబుతోంది. మీ బండికి పెట్రోల్ పోసే మూత కుడివైపు, ముందు తలుపు దగ్గర ఉంది. అక్కడినుంచి గొట్టం పొట్టిగా దిగి ఒక లావు రబ్బరు సీల్ గుండా ట్యాంకులోకి దూరుతుంది. ఆ సీల్ గట్టిపడితే నింపిన వెంటనే అక్కడ చెమ్మ వస్తుంది. తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బండి ఎడమకు తిరిగినప్పుడు ట్యాంకులో పెట్రోల్ కుడివైపు ఎగబాకుతుంది. ఎడమ మలుపుల తర్వాత వాసన, మరక ఎక్కువైతే కుడివైపు సీల్‌నో ఆ వైపు గ్రోమెట్‌నో అనుమానించండి. బ్రిటన్‌లో రౌండబౌట్ చుట్టూ తిరిగేది కుడికి కాబట్టి అప్పుడు పెట్రోల్ ఎడమవైపు పోతుంది. పెద్ద రౌండబౌట్ దాటగానే వాసన గుప్పుమంటే ఎడమవైపు పైపులు చూడాలి.

మరక ఎక్కడ మొదలైందో కిందనుంచి చూస్తే తెలుస్తుంది. పెట్రోల్ ఆరిపోయినా గుర్తు వదిలి వెళ్తుంది. ట్యాంక్ గోడ మీద బురద పేరుకుని ఉంటుంది కదా, పెట్రోల్ కారిన దారిలో ఆ బురద కడిగేసినట్టు శుభ్రంగా ఒక గీత కనిపిస్తుంది, దాని అంచుల్లో తేనె రంగు జిగురు పొర ఉంటుంది. ఆ గీతను వేలితో పట్టుకుని పైకి వెళ్ళండి. అది ఎక్కడ ఆగితే లీకు అక్కడో, దానికి కొంచెం పైనో ఉంటుంది. అనుమానం తీరకపోతే ఆ చోటు తుడిచి ఆరబెట్టి, చాక్ పొడి అద్ది వదిలేయండి. తడి తగిలిన చోట పొడి రంగు మారి తెలిసిపోతుంది.

బంకులో కూడా ఒకటి గమనించండి. గన్ పెట్టగానే కొద్ది లీటర్లకే టక్కుమని ఆగిపోతూ, మళ్ళీ నొక్కితే మళ్ళీ ఆగుతోందా? ట్యాంకులోని గాలి బయటికి పోలేక పెట్రోల్ వెనక్కి తంతోందన్నమాట. బ్రీదర్ మూసుకుపోయింది. మూత తీసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే కూడా అదే అర్థం. ఇక్కడికి వచ్చాక ఆ బోల్ట్ సలహా ఎందుకు తప్పో మీకే తెలిసి ఉంటుంది. బ్రీదర్ మూసేస్తే ఎండలో ట్యాంకులో ఒత్తిడి పెరిగి, ఉన్న పగుళ్ళ గుండానే ఇంకా గట్టిగా పెట్రోల్ తోసుకొస్తుంది. నడుస్తున్నప్పుడు లోపల శూన్యం ఏర్పడి పెట్రోల్ అందక ఇంజిన్ మోటార్‌వేలో ఆగిపోవచ్చు, ట్యాంక్ లోపలికి సొట్ట పోవచ్చు. వాసన ఆగినట్టు ఒకటి రెండు రోజులు అనిపిస్తుంది, తర్వాత మొదటికంటే ఎక్కువవుతుంది. ఇలా బోల్ట్ దూర్చిన పైపులు, సిలికాన్ పూసిన గ్రోమెట్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. మామూలు సిలికాన్ సీలెంట్ పెట్రోల్‌కి ఉబ్బి జెల్లీలా అయిపోయి ఊడి వస్తుంది, దాని ముక్కలు ట్యాంకులో పడితే ఫిల్టర్ దాకా పోతాయి.

రిపేర్ అంటే నా మాట ఒక్కటే: ట్యాంక్ దించండి, దించాక పైన ఉన్న రబ్బరంతా ఒకేసారి మార్చండి. ట్యాంక్ దించకుండా చెయ్యి దూర్చి ఒక పైపు మార్చొచ్చని చూస్తారు. ఆ లాగుడుకి పక్క గ్రోమెట్ చిట్లుతుంది. ఖర్చులో అసలు భాగం దించే శ్రమే. రబ్బరు ముక్కలు పెద్ద ధర కావు, కాబట్టి బాగున్నట్టు కనిపించే పైపును కూడా మిగల్చకండి.

కొనాల్సినవి: మీ మోడల్ సంవత్సరానికి సరిపోయే ట్యాంక్ గ్రోమెట్ల సెట్టు, ఫిల్లర్ (పెట్రోల్ పోసే) గొట్టం సీల్, గేజ్ సెండర్ (ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో మీటరుకి చెప్పేది) కింద ఉండే రబ్బరు రింగు, ఫిల్లర్ మూతకి కొత్త రింగు, క్లిప్పులు, పైపు. పాత ఫోక్స్‌వ్యాగన్ విడిభాగాలు అమ్మేవాళ్ళ దగ్గర ఇవి దొరుకుతాయి. ఎక్స్‌పాన్షన్ ట్యాంకులు, గ్రావిటీ వాల్వ్ ముందే కొనక్కర్లేదు, విప్పి చూశాక తేల్చుకోవచ్చు.

పైపు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పైపు మీద అచ్చేసిన అక్షరాలు చదవండి. ఎస్‌ఏఈ జే30 ఆర్6, ఆర్7 అని ఉంటే పాత రకం. ఎక్కడా లీకు లేకపోయినా దాని గోడ గుండానే ఆవిరి నెమ్మదిగా బయటికి వస్తుంది. కొత్త పైపులు వేసినా వాసన పోలేదని బాధపడేవాళ్ళలో చాలామంది బండికి ఇదే ఉంటుంది. ఆర్9 అని ఉన్నది తీసుకోండి, లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉంటుంది, ఇథనాల్‌ని తట్టుకుంటుంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు 95 పెట్రోల్ ఈ10 అయింది, అంటే 10 శాతం దాకా ఇథనాల్. పాత నైట్రైల్ రబ్బరును అది తొందరగా పాడు చేస్తుంది. సూపర్ గ్రేడ్ ఈ5 కొట్టించడం ఈ బండికి మంచిదే, కానీ పోయిన రబ్బరును అది బాగుచేయదు. అన్నట్టు, ఇండియాలో ఇప్పుడు ఈ20 వచ్చింది కాబట్టి, ఊళ్ళో నాన్నగారి పాత అంబాసిడరో పద్మినియో షెడ్డులో ఉన్నవాళ్ళకు కూడా ఈ పైపుల మాట వర్తిస్తుంది. దాని పెట్రోల్ పైపులు ఒకసారి వంచి చూడమని ఇంట్లో ఫోన్ చేసి చెప్పండి.

పైపు లోపలి వ్యాసం పాతదాన్ని కొలిచి కొనండి, ఊహించి వద్దు. క్లిప్పులు కూడా చిన్న పైపుకి సరిపడేవి, అంచులు మడిచినవి తీసుకోండి. పళ్ళు కోసిన మామూలు జూబ్లీ క్లిప్ సన్నటి పైపులో కోసుకుపోతుంది, గుండ్రంగా బిగియదు.

ఇక పని. ఆరుబయట, గట్టి నేల మీద చేయండి. గ్యారేజీ లోపల వద్దు, సర్వీస్ గుంత ఉన్న చోట అసలే వద్దు, ఆవిరంతా ఆ గుంతలోనే చేరుతుంది. ముందే బండి నడిపి పెట్రోల్ దాదాపు అయిపోయేలా చూసుకోండి. నిండు ట్యాంకులో పెట్రోల్ బరువే 45 కిలోల దాకా ఉంటుంది. పైగా బ్రిటన్‌లో అధికారులకు తెలియజేయకుండా ఇంట్లో 30 లీటర్లకు మించి పెట్రోల్ పెట్టుకోకూడదు. అది కూడా పెట్రోల్ కోసమే చేసిన క్యాన్లలో, ప్లాస్టిక్‌దైతే 10 లీటర్లు, ఇనుపదైతే 20 లీటర్ల దాకా. బకెట్లో, పాల క్యాన్లో పట్టకండి.

బ్యాటరీల నెగటివ్ తీగ విప్పండి, రెండు బ్యాటరీలుంటే రెండింటిదీ. సోలార్ ప్యానెల్ ఉంటే అది కూడా. గ్యాస్ సిలిండర్ బయట పెట్టేయండి. వైరుతో వేలాడే పాత బల్బు లైటు వాడకండి. పెట్రోల్ చుక్క పడితే బల్బు పగులుతుంది, అక్కడే అంటుకుంటుంది. ఎల్‌ఈడీ టార్చ్ ముందే వెలిగించి కిందికి తీసుకెళ్ళండి. ఫోమ్ లేదా పొడి అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉంచండి. పెట్రోల్‌కి పనికొచ్చే చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోండి, పైనుంచి మొహం మీద పడేది పెట్రోలే. ఇంకో పెద్దమనిషి పక్కనుండాలి, పాప ఇంట్లో ఉండాలి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఖాళీ ట్యాంక్ నిండు ట్యాంక్ కంటే ప్రమాదం, లోపలంతా ఆవిరే కాబట్టి.

బండి ముందు భాగం లేపి స్టాండ్ల మీద పెట్టండి, వెనక చక్రాలకు అడ్డు వేయండి. జాకీ మీదే ఉంచి కిందకి దూరొద్దు. మిగిలిన పెట్రోల్ తీసేశాక ఫిల్లర్ గొట్టం విప్పండి, ఇంజిన్‌కి వెళ్ళే పైపు, తిరిగి వచ్చే పైపు విప్పి వాటికి గుర్తు కట్టండి, సెండర్ వైరు తీయండి. ట్యాంకును రెండు ఇనుప పట్టీలు పట్టుకుని ఉంటాయి. వాటి బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి రెండు రోజుల ముందే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. బిగుసుకుపోయిన బోల్టును వేడి చేసి విప్పడం, గ్రైండర్‌తో కోయడం ట్యాంక్ దగ్గర ఎంతమాత్రం కుదరదు. చేతి రంపంతో నూనె పోస్తూ నెమ్మదిగా కోసుకోవాలి. గేర్ రాడ్ అడ్డొస్తే దాని జాయింట్ మీద గీత గీసి గుర్తు పెట్టుకున్నాకే విప్పండి, లేకపోతే తర్వాత గేర్లు సరిగా పడవు.

ట్యాంక్ కింద వెడల్పు చెక్క పెట్టి జాకీ ఆనించి, పట్టీలు విప్పి ఒకేసారి దించేయకండి. కొన్ని అంగుళాలు దించి ఆపండి. పైన బ్రీదర్ పైపులు ఇంకా తగిలించే ఉంటాయి. ఇక్కడ ఫోటోలు తీయాలి, కానీ ఫోన్ ట్యాంక్ దగ్గరికి తీసుకెళ్ళొద్దు, ఆవిరి పోయాక బయటి నుంచి జూమ్ చేసి తీయండి. కుడి పైపులకు ఒక రంగు టేపు, ఎడమవాటికి ఇంకో రంగు చుట్టండి. ఇవి అటూ ఇటూ మారితే తర్వాత తల పట్టుకోవాల్సి వస్తుంది.

పాత పైపును పట్టుకుని లాగకండి. బ్లేడుతో నిలువునా చీల్చి ఒలిచి తీయండి. కింద ప్లాస్టిక్ మొన ఉంటుంది, ఇన్నేళ్ళ తర్వాత దాన్ని పక్కకి వంచితే పుటుక్కున విరుగుతుంది. గ్రోమెట్ చేతికి వచ్చాక ఒకసారి బొటనవేలితో నొక్కి చూడండి. మంచి రబ్బరైతే లోపలికి దిగి మళ్ళీ పైకి వస్తుంది. మీ బండిదైతే గోరు కూడా దిగదు, వంచబోతే అప్పడంలా విరుగుతుంది. పైనుంచి చూస్తే నల్లగా, గుండ్రంగా, బాగానే ఉన్నట్టుంటుంది. తిరగేసి లోపలి పెదవి చూడండి. పైపు చుట్టూ సన్నటి పగుళ్ళు ఉంగరంలా కనిపిస్తాయి. పెట్రోల్ వచ్చిన దారి అదే. కింద నిలబడి టార్చ్ వేసి "అంతా బాగుంది" అన్న గ్యారేజీకి ఇది కనిపించే అవకాశమే లేదు.

ట్యాంక్ పూర్తిగా దించాక పైభాగం చూడండి. బండి నేలకీ ట్యాంక్‌కీ మధ్య ఉన్న సందులో రోడ్డు మీది బురద, ఉప్పు చేరి ఏళ్ళ తరబడి తడిగా ఉంటాయి. ఈ ట్యాంకులు పైనుంచే తుప్పు పడతాయి, గ్రోమెట్ రంధ్రాల అంచుల్లో ముందు. ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది శుభ్రం చేయండి, డ్రిల్లుకి తగిలించే వైర్ బ్రష్ వద్దు. అంచులు గుంటలు పడి ఉంటే కొత్త గ్రోమెట్ కూడా అక్కడ ఆనదు, అప్పుడు కొత్త ట్యాంక్ కొనడమే దారి. పాత ట్యాంక్‌కి వెల్డింగ్ చేస్తానని ఎవరైనా ముందుకొస్తే దండం పెట్టి వచ్చేయండి. నీళ్ళతో కడిగిన ట్యాంకులు కూడా వెల్డింగ్‌లో పేలిన సందర్భాలున్నాయి.

కొత్త గ్రోమెట్లకు కొద్దిగా శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ రాసి నొక్కితే కూర్చుంటాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి తోయకండి, పెదవి తెగుతుంది. పెదవి చుట్టూ సమానంగా కూర్చుందో లేదో వేలు తిప్పి చూసుకోండి. సెండర్ రింగు ఇప్పుడే మార్చేయండి. అది కూడా ట్యాంక్ పైనే ఉంది, తర్వాత దానికోసం మళ్ళీ దించాల్సి వస్తుంది. సెండర్ కోసం క్యాబిన్ నేలకి కన్నం కోస్తారు కొందరు. ట్యాంక్ కింద ఉండగా గ్రైండర్ పెట్టి కోయడం కంటే పిచ్చిపని ఇంకోటి లేదు.

చక్రాల తొర్రల్లోని ఎక్స్‌పాన్షన్ ట్యాంకులు తీసి కడిగి, మొనల మొదట్లో వెంట్రుక పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. ఒక చిల్లు మూసి ఇంకో చిల్లు నుంచి నోటితో మెల్లగా ఊది నీళ్ళ తొట్టిలో ముంచితే బుడగలు చెబుతాయి. నోరు పెట్టేది శుభ్రమైన కొత్త పైపు ముక్కకి. గ్రావిటీ వాల్వ్‌ని నిటారుగా పట్టుకుని ఊదితే గాలి పోవాలి, పక్కకి బాగా వంచి ఊదితే ఆగాలి. రెండింట్లో ఏది జరగకపోయినా కొత్తది వేయండి. మెయిన్ ట్యాంకులోకి మాత్రం కంప్రెసర్ గాలి పెట్టి పరీక్ష చేయకండి, ఆ ఒత్తిడికి అతుకులు విడిపోతాయి.

పైపులు వేసేటప్పుడు ఎక్కువమంది పట్టించుకోని సంగతి, దారి. బ్రీదర్ పైపు ట్యాంక్ నుంచి డబ్బా దాకా ఎక్కడా కిందికి జారకుండా ఎక్కుతూనే పోవాలి. మధ్యలో వేలాడి గుంటలా వంగితే అక్కడ పెట్రోల్ నిలుస్తుంది, ఆ పెట్రోలే గాలికి బిరడాలా అడ్డుపడుతుంది. బంకులో గన్ టక్కున ఆగిపోవడం మళ్ళీ మొదలవుతుంది, కొత్త పైపులే కదా అని అనుమానం కూడా రాదు. మూలల దగ్గర కూడా బిర్రుగా తిప్పకండి, కొత్త పైపు నలిగి మూసుకుపోతుంది. ఫ్యాక్టరీ పైపులు కొన్ని వంపుతోనే పోత పోసినవి. వాటి చోట తిన్నటి పైపు వేస్తున్నప్పుడు పొడవు ఎక్కువ తీసుకుని వెడల్పుగా తిప్పాలి. ట్యాంక్ పైకి ఎత్తేటప్పుడు పైపు నేలకీ ట్యాంక్‌కీ మధ్య నలగకుండా ఒకరు పక్కనుంచి చూస్తూ ఉండాలి. పట్టీల కింద పాత రబ్బరు పట్టీలు మార్చండి, లేకపోతే ఇనుము ఇనుముని రాసుకుని అక్కడ తుప్పు మొదలవుతుంది.

అంతా బిగించాక ముందు ఐదు లీటర్లు పోసి పైపుల దగ్గర చూడండి. తర్వాత బంకుకి వెళ్ళి సగం, మళ్ళీ చూడండి. ఆఖర్న ఫుల్ కొట్టించి, మొదటి టక్కుకే ఆపేయండి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు నొక్కులు నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ రెండు నొక్కులే పొంగడానికి ఉంచిన ఖాళీని తినేస్తాయి. ఆ ఫుల్ ట్యాంక్‌తో ఎడమకి, కుడికి నాలుగైదు మలుపులు తిప్పి, ఎండలో ఒక మధ్యాహ్నం నిలబెట్టి, కీళ్ళ చుట్టూ టిష్యూ పేపర్ చుట్టి సాయంత్రం తీసి వాసన చూడండి. తర్వాత రాత్రంతా తలుపులు మూసి ఉంచి, పొద్దున్నే మీ ఆవిడని ముందు తలుపు తీయమనండి. ఆమెకి వాసన రాకపోతే పని అయింది.

అప్పటికీ వాసన వస్తే, ముందు వైపా వెనక వైపా అన్నది చూడాలి. వెనక నుంచైతే ఇంజిన్ దగ్గర, కార్బురేటర్‌కి వెళ్ళే పైపులు, ఫిల్టర్, పంపు. మీరు ఆర్9 పైపు కొంటున్నప్పుడే ఆ చివర వాటికి కూడా కొనేయండి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారితే జరిగేది వాసన కాదు, మంట. ఈ వెనక ఇంజిన్ వ్యాన్లు కాలిపోయిన చోట చాలాసార్లు కారణం అక్కడి పాత పైపే. ఇంజిన్ గదిలో ఆటోమేటిక్‌గా పనిచేసే చిన్న అగ్నిమాపక సిలిండర్ ఒకటి పెట్టించండి. వెనక కిటికీ తెరిచి నడిపితే బండి వెనక తిరిగే గాలి పొగని, ఆవిరిని లోపలికి లాగుతుంది, అది కూడా గుర్తుంచుకుని పరీక్ష చేయండి.

ఎంఓటీ (బ్రిటన్‌లో బండికి ఏటా చేసే తనిఖీ) గురించి ఒక మాట. పెట్రోల్ లీకు ఉంటే ఎంఓటీ ఫెయిల్. 40 ఏళ్ళు దాటి పెద్ద మార్పులు చేయని బండికి ఎంఓటీ తప్పనిసరి కాదు కాబట్టి టీ25లు ఒక్కొక్కటే ఆ మినహాయింపులోకి వచ్చేస్తున్నాయి. నా సలహా, మినహాయింపు ఉన్నా ఏటా చేయించండి. కింద నుంచి ఇంకో జత కళ్ళు చూడటం ఈ బండికి అవసరం.

ఇదంతా చదివి స్వయంగా చేయడం ఇష్టం లేకపోతే తప్పేం లేదు. పాత వాటర్-కూల్డ్ ఫోక్స్‌వ్యాగన్లు చేసే స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్ళండి. "వాసన వస్తోంది చూడండి" అని ఊరుకోకండి. "ట్యాంక్ దించి, పైన గ్రోమెట్లు, బ్రీదర్ పైపులు, ఫిల్లర్ సీల్, సెండర్ రింగు అన్నీ మార్చాలి, ఆర్9 పైపే వేయాలి, పాతవి నాకు చూపించాలి" అని రాతపూర్వకంగా ఇవ్వండి. దించకుండానే చేస్తామంటే ఇంకోచోటు చూసుకోండి. వేల్స్ ఈ సెలవులకి కుదరకపోతే టెంట్ వేసుకుని కారులో వెళ్ళి రండి.

మీరే దించితే, శుభ్రం చేశాక ట్యాంక్ పైభాగం ఫోటో పెట్టండి, గ్రోమెట్ రంధ్రాల అంచులు దగ్గరగా కనిపించేలా. ఆ తుప్పు చూస్తే ట్యాంక్ ఉంచుకోవాలో మార్చాలో చెబుతాను. అప్పటిదాకా కొత్త ట్యాంక్ ఆర్డర్ చేయకండి.